మన కాలిక్రింది శాస్త్రము

శాస్త్రములలో కొన్నింటికి మన దేశమున గౌరవము కలదు. కొన్నింటికి ఆదాయము కలదు. మరికొన్నింటికి ఈ రెండును లేక పేరు మాత్రమే మిగిలినది. భూగర్భశాస్త్రము ఈ మూడవ తెగలోనిది. ఆ పేరు వినగానే సింగరేణి బొగ్గో, కొల్లూరి వజ్రములో, కోలారు బంగారమో స్ఫురించును గాని కోడూరి మాగాణి స్ఫురింపదు. "మాకు రాయియే లేదు, రాతిశాస్త్రము మాకేల?" యని దివిసీమ గృహస్థు అడుగును. గునపము వేసిన చోటనెల్ల బంకమన్నో యిసుకయో తగులు నేలపై పుట్టినవాడు అట్లడుగుట సహజమే. కాని, మన పట్టణములలోని విద్యాలయములు కూడ ఆ ప్రశ్నకు తలయూపి యూరకుండుట సహజము కాదు. కొండసీమవానికి ఈ శాస్త్రము లాభము; డెల్టావానికి రక్ష. అవనిగడ్డ, గుడివాడ, మచిలీపట్టణము వంటి చోట్ల, ఉదయము ఇల్లు వెడలి సాయంకాలమునకు మరలి రాదగినంత దూరములో, ఇది బోధింపబడవలెనని మా కోరిక. ఆ కోరికకు కారణములను చదువరుల ముందుంచుచున్నాము.

మొట్టమొదట, రాయి లేదనుట నిజము కాదు. దివిసీమ యన నేమి? కృష్ణ పులిగడ్డ చెంత చీలి సముద్రమును చేరుచుండగా ఆ పాయల నడుమ నేర్పడిన లంక. మహాబలేశ్వరమున పుట్టి 1,400 కిలోమీటర్లు నడచు ఆ నది దారిలో ఒక్క రాతినైన విడువలేదు. సహ్యాద్రి నల్లరాయి సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరములనాడు కరగి పారిన అగ్నిశిల. దానిని అరగదీసి, నల్లమల కొండలను కోసి, పల్నాటి సున్నపురాతిని కడిగి, కృష్ణ తెచ్చి పోసిన పొడియే కోడూరి చేను. రైతు చేతిలోని పిడికెడు ఒండ్రుమట్టిలో నాలుగు రాష్ట్రముల కొండలు కలవు. రాయి మన కడకు పొడియై వచ్చినది గనుక మన కంటికి కనబడలేదు, అంతియే.

ఈ పోత యొక్కనాడు జరిగినది కాదు. కొన్నివేల యేండ్లుగా నది పోయుచుండగా సముద్రము వెనుకకు జరుగుచు వచ్చినది. జరిగిన చోటనెల్ల ఒక యిసుకకట్ట నానవాలుగా విడిచిపోయినది. నేటి తీరమునకు ఎంతో లోపల, వరిచేల నడుమ, వరుసలు వరుసలుగా కనబడు ఇసుకదిబ్బలు ఒకనాటి సముద్రతీరములే. క్రీ. శ. 2వ శతాబ్దమున టాలెమీ తన భూగోళగ్రంథమున పేర్కొన్న వర్తకస్థానము 'కంటకోస్సిల' మన ఘంటసాలయే యని చరిత్రకారులు గుర్తించిరి. నేడు ఘంటసాలలో నిలుచున్నవానికి అల చప్పుడు వినబడదు. మన పెద్దలు ఊళ్లను మెరకమీదను, వరిని పల్లమునను పెట్టిరి. వారు చదివినది పాఠ్యగ్రంథము కాదు; వరద నేర్పిన పాఠమును చదివిరి. ఆ పాఠమునకు ఇప్పుడు శాస్త్రము తోడు కావలసిన దినము వచ్చినది. ఏలయన, వారు చూచిన నేల నిలకడగలది. మనము చూచుచున్న నేల మారుచున్నది.

తరువాత, ఈ ఒండ్రుక్రింద నేమున్నదో చూడుడు. శాస్త్రజ్ఞులు గీచిన పటములలో 'గుడివాడ గ్రాబెన్', 'బంటుమిల్లి గ్రాబెన్' అను పేర్లు కలవు. గ్రాబెన్ అనగా ఇరుప్రక్కల బీటలు వారగా నడుమ కుంగిన పల్లము. ఆ రెండు పల్లములకు మధ్య కుంగక నిలిచిన గట్టునకు కాజ, కైకలూరు గ్రామముల పేర్లు పెట్టిరి. ఒకప్పుడు అంటార్కిటికాతోను ఆస్ట్రేలియాతోను కలిసియున్న మన భూఖండము వానినుండి విడిపోయినప్పుడు పడిన పగుళ్లివి. ఆ పల్లములలో పేరుకొన్న పొరలకు కూడ మన యూళ్ల పేర్లే: గొల్లపల్లి ఇసుకరాయి, రాఘవాపురము షేలు, చిన్నతిరుపతి పేర వచ్చిన తిరుపతి ఇసుకరాయి, రాజోలు, పాలకొల్లు, వడపర్రు. వీనిలో కొన్నింటిని 19వ శతాబ్దమున విలియం కింగు మొదలగు సర్వేవారు మెట్టసీమలో కాలినడకన తిరిగి గుర్తించిరి. హ్యూస్టను నగరమున కూర్చున్న చమురు శాస్త్రజ్ఞునికి బంటుమిల్లి యనిన నేమో తెలియును. బంటుమిల్లిలో పుట్టి పట్టము పుచ్చుకొన్న యువకునికి తెలియదు. మన యూరి పేరు లోకమంతటను శాస్త్రపదమై చెల్లుచుండగా, ఆ పదమున కర్థము మనకు పరభాషగా నుండుట చిన్న లోపమా?

ఇది గౌరవము మాట మాత్రమే యైన ఇంత వ్రాయవలసిన పని లేదు. ఆ పొరలలో వాయువును చమురును కలవు. 1970–80 నడుమ నరసాపురము వద్ద వాయువు బయల్పడినది మొదలు కృష్ణా గోదావరి డెల్టాలలో బావులు త్రవ్వబడుచునే యున్నవి. కైకలూరు ప్రాంతమున వాయుక్షేత్రములు కలవు. కోడూరునకు పొరుగుననున్న నాగాయలంకలో చమురు కనుగొనబడినది. 1995 జనవరిలో కోనసీమయందలి పాశర్లపూడి బావి అదుపు తప్పి రెండు నెలలకు పైగా మండినది. 2014 జూన్ 27న నగరము గ్రామమున వాయుగొట్టము ప్రేలి ఇరువదిమందికి పైగా అసువులు బాసిరి. ఇట్టి పనులకై ఊరిలో సభ జరుగును. బల్లమీద వందల పుటల నివేదిక యుండును. అధికారి యడుగును: "అభ్యంతరములున్నవా?" ఒకడు భయముచే వలదనును, వేరొకడు ఆశచే కావలెననును. ఆ పుటలను విప్పి, ఈ బావి ఎంత లోతు, మంచినీటిపొరను ఏ గొట్టముతో కాచుచున్నారు, నేల కుంగునా లేదా యన్న దానిని ఎవరు కొలుతురు అని యడుగగల మనుష్యుడు ఆ సభలో లేడు. అజ్ఞానముతో వలదన్నను అజ్ఞానముతో సరేయన్నను ఫలమొక్కటియే: నిర్ణయము మనది కాదు.

నేల కుంగునా యను ప్రశ్న వట్టి శంక కాదు. ఇటలీదేశమున పో నది డెల్టాయందు 20వ శతాబ్ది మధ్యమున వాయువు కలిసిన నీటిని భూమిలోనుండి తోడిరి. నేల కొన్ని తావుల రెండు మీటర్లకు పైగా దిగిపోయినది. వరదలు పొలములను ముంచగా 1960 ప్రాంతమున ఆ పనిని మాన్పించిరి. మనచోట అట్లే జరుగునని మేమనుట లేదు. అక్కడి పొరల లోతు వేరు, తోడిన విధము వేరు. కాని జరుగునో జరుగదో ఏండ్ల తరబడి కొలిచిన లెక్కయే చెప్పవలెను గాని ఒకరి ధైర్యమో మరియొకరి భయమో చెప్పజాలదు.

నీటి సంగతి ఇంకను దగ్గరిది. డెల్టాలో మంచినీరు ఉప్పునీటిపై తేలి యుండును. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక. ఈ రెంటి బరువులలోని భేదమునుబట్టి, సముద్రమట్టమునకు ఒక అడుగెత్తున మంచినీరు నిలిచినచో దాని క్రింద సుమారు 40 అడుగుల లోతువరకు మంచినీరే యుండునని హాలెండు జర్మనీ దేశముల ఇంజనీర్లు 19వ శతాబ్ది చివర గుర్తించిరి. లెక్కను తిరుగవేసి చూడుడు. పైన ఒక అడుగు తోడివేసినచో, క్రిందనుండి ఉప్పు కాలక్రమమున 40 అడుగులు పైకి వచ్చును! ఇసుకదిబ్బలమీది చిన్న నూతులు తీయగానుండుటకును, ప్రక్కనే లోతుగా దింపిన బోరు ఉప్పునీరు పోయుటకును కారణమిదియే. "ఇంకను లోతునకు దింపుము, మంచినీరు పడును" అను సలహా రాతినేలలో కొన్నిమార్లు నిజము కావచ్చును. కోడూరు నేలలో తరచు నష్టము. ఈ ఒక్క సూత్రము తెలియక మనవారు బోర్లకై పోసిన రూకలెన్ని! రొయ్యల చెరువులకై ఉప్పునీరు లోపలికి తెచ్చిన చోట్ల ఇరుగుపొరుగుల నడుమ పుట్టిన తగవులెన్ని! చెరువువాడు తనవలన కాదనును. రైతు నీవలననే యనును. నూతిలోని ఉప్పదనము నెలనెలకు వ్రాసిపెట్టిన పుస్తకమొకటి యున్నచో, తగవు పుస్తకమే తీర్చియుండును.

ఇక సముద్రము. 1864 నవంబరులో ఉప్పెన మచిలీపట్టణముపై బడి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకొన్నది. 1977 నవంబరు 19న దివిసీమపై బడినది. వేలమంది మడిసిరి, కోడూరు, నాగాయలంక, అవనిగడ్డ ప్రాంతములలో ఆ తేదీ తెలియని యిల్లు లేదు. ఉప్పెన గాలివలన వచ్చును, నిజమే. కాని అది ఎంత దూరము లోపలికి వచ్చునో నేల యెత్తు నిర్ణయించును. ఆ నేల యెత్తును పెంచుచు వచ్చినది నది తెచ్చిన ఒండ్రు. 1966–69 నడుమ ఏటికి సుమారు 90 లక్షల టన్నుల ఒండ్రు డెల్టాను చేరుచుండగా, 2000–2005 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయినదని పరిశోధకులు లెక్కించిరి. నాగార్జునసాగరము, శ్రీశైలము మొదలగు జలాశయములు నీటితోడనే మట్టిని కూడ పట్టి నిలిపినవి. ఆ జలాశయములు మన పంటను నిలిపినవి. వానిని నిందించుట కృతఘ్నత. కాని వాని వెల యేమో తెలిసికొనకుండుట అవివేకము. 2009లో ప్రపంచమందలి 33 డెల్టాలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు మిక్కిలి అపాయములోనున్నవానిలో కృష్ణను చేర్చిరి. క్రొత్త మన్ను చేరదు, పాత మన్ను తన బరువుచే తానే అణగును, సముద్రమట్టము పెరుగుచున్నది. ఇది హంసలదీవివానికి వార్తాపత్రికలోని విషయము కాదు. ఇంటి గడప విషయము.

ఇంత యవసరమైన విద్య ఎక్కడ దొరకును? ఆంధ్ర విశ్వవిద్యాలయమున భూగర్భశాస్త్రశాఖ 1941లో ఏర్పడినది. సర్ సి. వి. రామన్ వద్ద పనిచేసి, హైదరాబాదు రాజ్యపు భూగర్భ సర్వేలో అనుభవము గడించిన కలమూరు మహాదేవన్ 1945 నుండి ఆ శాఖను నడిపి దేశమున పేరు తెచ్చిరి. అందు చదివినవారు గనులలోను, చమురు సంస్థలలోను, సర్వేలోను గొప్ప పదవులందిరి. ఆ కీర్తి మనదే. కాని విశాఖపట్టణము పోగలవాడెవ్వడు? కోడూరులో పగలు దుకాణమున కూర్చుండి, లేదా తండ్రితో చేనికిపోయి, చదువుపై మక్కువ చావని యువకుడు పోలేడు. పెండ్లి యైన యాడుబిడ్డ పోలేదు. పోగలిగినవాడు పోయి మరల రాడు. ఈ విధముగా శాస్త్రము నేర్చినవారికి ఈ నేలతో పని లేదు. ఈ నేలతో పని యున్నవారికి శాస్త్రము లేదు.

దీనికి మందు ఇతరులు కనుగొనియున్నారు. అమెరికాలో ఇలినాయి రాష్ట్రమందలి జోలియెట్ పట్టణమున 1901లో ఒక చిన్న కళాశాల స్థాపింపబడినది. నేడు ఆ దేశమంతటను నెలకొన్న కమ్యూనిటీ కళాశాలలకు అది పెద్దక్క. రెండేండ్ల చదువు, తక్కువ రుసుము, ఇంటికి దగ్గర. పగలు పనిచేయువారికి సాయంకాలపు తరగతులు. అక్కడ భూగర్భశాస్త్రపు తరగతిలో కూర్చుండువారిలో పెక్కురు ఆ శాస్త్రమును వృత్తిగా గొనరు. దాదియగువాడు, గుమాస్తాయగువాడు, బడిపంతులగువాడు కూడ ఒక అర్ధసంవత్సరము తన జిల్లా రాయిని, ఏటిగట్టును చూచి పోవును. రుచి మరిగినవాడు రెండేండ్ల పిమ్మట విశ్వవిద్యాలయమున చేరును. మన దేశమునను 1995లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయము కమ్యూనిటీ కళాశాలను తెరచినది. 12వ పంచవర్ష ప్రణాళికాకాలమున విశ్వవిద్యాలయ నిధుల సంఘము అట్టివానికి పథకమేర్పరచినది. కాని మనవారు ఆ పేరు వినినంతనే చేతిపని నేర్పు తరగతి యని మాత్రమే తలంతురు. చేతిపని నేర్పుట మంచిదే. ఊరికి కావలసిన శాస్త్రమును ఊరిలో నేర్పుటయు ఆ పేరులోనే యున్నది గదా!

ఇది మనకు క్రొత్త తలంపును కాదు. 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్ర జాతీయ కళాశాలను నిలిపినప్పుడు, కొలిమియు మగ్గమును కుంచెయు పుస్తకము ప్రక్కన కూర్చుండదగినవే యని చాటిరి. చదువు మనుష్యుని తన యూరినుండి పెరికివేయరాదనుట వారి సంకల్పము. ఆ పట్టణముననే 2008లో కృష్ణా విశ్వవిద్యాలయము వెలసినది. సంకల్పము పాతది, సాధనము క్రొత్తది. రెంటిని కలుపువారు కావలెను.

ఆక్షేపణలు మాకు తెలియును. "ఉద్యోగములెక్కడ?" యని మొదటిది. నిజమే, సర్వేలోను చమురు సంస్థలలోను ఏటేట దొరకు కొలువులు కొన్నియే. కాని మేము కోరునది కొలువునకు మెట్టు మాత్రమే కాదు. పంచాయతీ సభ్యుడు, బోరు వేయు మేస్త్రి, చెరువు త్రవ్వించు కామందు, హైస్కూలు పంతులు: వీరికి ఉద్యోగములు మున్నే యున్నవి, తెలివిడి కావలెను. "తెనుగున మాటలెక్కడ?" యని రెండవది. ఒండ్రు, రేగడ, చౌడు, మెరక, పల్లము, తిప్ప, ఊట, గండి; ఇన్ని మాటలు రైతునోట నున్నవి. లేనివానిని తెచ్చుకొందము, గ్రాబెన్ అను జర్మనుమాటను ఇంగ్లీషువారు సిగ్గుపడక తెచ్చుకొనలేదా? 1906లో విజ్ఞానచంద్రికా మండలి మొదలిడినప్పుడు తెనుగున శాస్త్రమా యని నవ్వినవారికి పుస్తకములే బదులు చెప్పినవి. "ప్రభుత్వమే కొలుచుచున్నది గదా" యని మూడవది. కేంద్ర భూగర్భజల మండలికిని రాష్ట్ర భూగర్భజల శాఖకును పరిశీలక బావులు కలవు. ఆ లెక్కలు విలువైనవి. కాని నీటి రుచి వీథివీథికి మారు నేలలో ఆ కొలది బావులు ఊరూరికి చాలవు. చాలినను, వాని లెక్కను చదువగల కన్ను ఊరిలో నుండవలెను.

కనుక మేము కోరునది భవనము కాదు. ఒక గది, ఒక యుపాధ్యాయుడు, వారమునకు మూడు సాయంకాలములు, తెనుగున బోధన. మొదటి యేడు పాఠముతోపాటు నాలుగు పనులు. ఒకటి: గ్రామమునకు పది నూతులు ఎన్నుకొని, నెలకొకసారి నీటిమట్టమును ఉప్పదనమును కొలిచి వ్రాయుట. దీనికి టేపును, చేతిలో నిముడు పరికరమును చాలును. రెండు: పాలకాయతిప్ప నుండి హంసలదీవి వరకు గురుతులు నాటి, ప్రతి అమావాస్యకు కెరటము ఎంతవరకు వచ్చినదో లెక్కించుట. మూడు: చేతిబర్మాతో నేలను తొలిచి, ఏ లోతున ఇసుక, ఏ లోతున బంక, ఏ లోతున గుల్ల తగిలినదో ఊరి పటమున గుర్తించుట. నాలుగు: ఏటికొకసారి కొండపల్లికి పోయి, మన ఒండ్రునకు తల్లియైన రాతిని కంటితో చూచి చేతితో తాకి వచ్చుట. ఈ లెక్కలను ఊరి పఠనమందిరపు గోడమీద, నలుగురు చదువునట్లు అతికించవలెను. దాచిన లెక్క అధికారికి పనికివచ్చును. అతికించిన లెక్క ఊరికి పనికివచ్చును.

పదియేండ్లు ఇట్లు సాగినచో, నివేదిక పట్టుకొని వచ్చు అధికారి యెదుట మన పుస్తకము మనము పెట్టగలము. బోరు వేయుదునని వచ్చువానిని లోతడుగగలము. కరకట్ట యెక్కడ కట్టవలెనో, మడయడవిని ఎక్కడ పెంచవలెనో చెప్పుటకు మాట మనకును ఉండును. పదియేండ్లు సాగనిచో, నష్టము జరిగిన పిమ్మట వచ్చి మనకు మన నేలనుగూర్చి ఇతరులు చెప్పుదురు. వినుట మాత్రము మన వంతగును.

కళాశాలల పాలకులను, పంచాయతీలను, విశ్వవిద్యాలయమువారిని మేమడుగుచున్నాము. పఠనమందిరములలో ఈ పుట చదువు సోదరులను కూడ అడుగుచున్నాము. అర్జీ వ్రాయుటకు పెద్ద పాండిత్యమక్కరలేదు. ఊరికి పది సంతకములు చాలును. ఈ జూను నెలలో తరగతులు తెరచువేళకు ఆ గది తలుపు తెరచుకొనుగాక. ఆలోపల, ఇంటి నూతిలోని నీటిని నెలకొకమారు కొలిచి వ్రాసికొనుటకు ఎవరి యనుమతియు నక్కరలేదు.